టీ చవకైతే తిరుగుబాటు ఎందుకొచ్చింది?

ఎడిసన్_నాన్న
అందరికీ నమస్కారం. మా పెద్దమ్మాయి ఎనిమిదో క్లాసు. స్కూల్లో బోస్టన్ టీ గొడవ మీద, అంటే 1773లో అమెరికాలోని బోస్టన్ రేవులో ఓడల్లోని టీని నీళ్ళలో పారబోసిన గొడవ మీద, ప్రాజెక్టు ఇచ్చారు. నేను సోఫాలోంచి లేవకుండానే "ఇంగ్లండు దొరలు పన్నులు పెంచారమ్మా, అమెరికా వాళ్ళు తిరగబడ్డారు, అంతే" అని తేల్చేశాను. అది వెళ్ళి పుస్తకం తిరగేసి పావుగంటలో తిరిగొచ్చింది. "నాన్నా, 1773 టీ చట్టంతో టీ ధర తగ్గింది. తగ్గితే ఎవరైనా సముద్రంలో పారబోస్తారా?" అంది. నాకు నోట మాట రాలేదు. పద్దెనిమిదేళ్ళుగా ఈ దేశంలో ఉంటూ జులై 4న బాణసంచా చూడటం తప్ప ఇదెప్పుడూ ఆలోచించలేదు. ఆదివారంలోపు ఎవరైనా కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి.

ఇరానీ_చాయ్
అన్నా, పాలు లేకుండా తాగే టీ కదా, పారబోయక ఏం చేస్తారు 😄

సీరియస్‌గా, అది మన అస్సాం టీ అని ఎక్కడో చదివిన. మన సరుకు వాళ్ళ సముద్రంల కలిసిందన్నమాట.

లెక్కల_మాస్టారు
ఎడిసన్ నాన్న గారూ, టీ దగ్గర మొదలుపెడితే ఇంటర్వెల్ తర్వాత సినిమాకు వెళ్ళినట్టే. 1763కి వెళ్ళాలి.

ఆ ఏడు ఫ్రాన్సుతో ఏడేళ్ళ యుద్ధం ముగిసింది. కెనడా బ్రిటన్‌కు దక్కింది. దాంతోపాటు అప్పూ మిగిలింది. యుద్ధానికి ముందు ఏడు కోట్ల పైచిలుకు పౌండ్లున్న అప్పు 1763 నాటికి 12 కోట్లు దాటింది. పైగా అమెరికాలో 10,000 మంది సైనికుల్ని ఉంచాలని లండన్ నిర్ణయించింది. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? ఇంగ్లండులో జనం అప్పటికే పన్నులతో నడుము విరిగి ఉన్నారు. అమెరికా వలసల వాళ్ళు, అంటే అక్కడ బ్రిటన్ ఏలుబడిలో ఉన్న ప్రాంతాల జనం, తలకు కట్టేది వీళ్ళతో పోలిస్తే నామమాత్రం. "మీ సరిహద్దు కాయడానికే కదా సైన్యం, ఖర్చులో మీరూ కొంత వేసుకోండి" అన్నాడు ప్రధాని గ్రెన్‌విల్. లెక్క ప్రకారం చూస్తే నాకు ఇందులో అన్యాయమేమీ కనపడదు. ఇంట్లో పెద్దవాడు అప్పు చేసి చిన్నవాడికి పొలం కొనిచ్చాక, వడ్డీలో కాస్త పంచుకోరా అంటే తప్పా?

ఇక మీ అమ్మాయి ప్రశ్న. ధర తగ్గినా గొడవ రావడం 1773లో కొత్త కాదు. 1764 చక్కెర చట్టం చూడండి. అంతకుముందు మొలాసిస్ మీద, అంటే రమ్ము కాచే చెరకు పాకం మీద, గ్యాలనుకు 6 పెన్నీల సుంకం ఉండేది. గ్రెన్‌విల్ దాన్ని 3 పెన్నీలకు తగ్గించాడు. సగానికి సగం! అయినా న్యూ ఇంగ్లండు వర్తకులు గగ్గోలు పెట్టారు. ఎందుకంటే 6 పెన్నీలు కాగితం మీదే. అధికారి చేయి తడిపితే సరుకు దాటిపోయేది. ఈ 3 పెన్నీలు మాత్రం నిజంగా వసూలు చేస్తామన్నారు.

సుధ_వైజాగ్
మాస్టారూ, మీ పెద్దవాడు-చిన్నవాడు పోలికలో ఒక చిక్కుంది. చిన్నవాడు పంచుకోనన్నాడా, లేక "నా బీరువా నువ్వు తెరవకు, అడుగు, నేనే తీసి ఇస్తాను" అన్నాడా? ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. ప్రతి వలసకూ సొంత శాసనసభ ఉంది. పన్ను వేసే అధికారం దానిదే అని వాళ్ళు నూరేళ్ళకు పైగా అనుకుంటూ వచ్చారు. లండన్ కూడా చూసీ చూడనట్టు ఊరుకుంది.

నేను కోర్టు పక్షిని కాబట్టి స్టాంపు చట్టం గురించి కాస్త ఎక్కువే చెప్తాను. 1765 మార్చిలో ఆమోదించారు, నవంబరు 1 నుంచి అమలు అన్నారు. మనకిది కొత్త కాదు, పొలం రిజిస్ట్రేషనుకు వెళ్ళినా, అద్దె ఒప్పందం రాసుకున్నా స్టాంపు పేపరు కొంటాం. అక్కడ దస్తావేజులతో ఆగలేదు. వార్తాపత్రికలు, పంచాంగాలు, పేకముక్కలు, చివరికి పాచికలకు కూడా ముద్ర ఉండాలి. ఆ డబ్బు స్టెర్లింగులోనే, అంటే ఇంగ్లండు డబ్బులోనే కట్టాలి. నాణేలకు కరువున్న చోట అది మోయలేని భారం. కట్టకపోతే కేసు జ్యూరీ లేని నౌకా న్యాయస్థానంలో నడవొచ్చు. పైగా దెబ్బ ఎవరికి తగిలిందో చూడండి: లాయర్లకు, పత్రికలు అచ్చువేసేవాళ్ళకు, సారాయి దుకాణాల వాళ్ళకు. ఊళ్ళో గొంతున్నవాళ్ళందరినీ ఒకేసారి గెలికాడు గ్రెన్‌విల్. మా బార్ అసోసియేషన్ మీద అలాంటి పన్ను వేసి చూడమనండి!

లండన్ వాదన కూడా చెప్పాలి. "మాంచెస్టరుకూ బర్మింగ్‌హామ్‌కూ కూడా పార్లమెంటులో సభ్యులు లేరు, వాళ్ళు కట్టడం లేదా? సభ్యులంతా సామ్రాజ్యంలో అందరి తరఫునా ఆలోచిస్తారు" అన్నారు. అదే సభలో మనుషులు దాదాపు లేని ఓల్డ్ సారమ్ అనే పాత దిబ్బకు ఇద్దరు సభ్యులున్నారు. కాబట్టి ఈ వాదన అట్లాంటిక్ దాటేసరికి నవ్వులపాలైంది.

ఓరుగల్లు_పోరడు
సుధక్కా, మాస్టారూ, మీ ఇద్దరి మాటలు మంచిగున్నయ్. గని నాకొక్క ముచ్చట చెప్పుండ్రి. 1763ల రాజు ఇంకో ఆజ్ఞ ఇచ్చిండు, అపలాచియన్ కొండలు దాటి పడమరకు పోయి భూములు పట్టుకోవద్దని. అక్కడున్న ఆదివాసీలతోని మళ్ళ కొట్లాట వద్దనుకున్నడు, ఆ ఖర్చు మోసుడు కష్టం గదా. దాని మీద ఎవ్వరికి మండింది? ఓహాయో భూముల మీద కన్నేసి పెట్టుకున్న పెద్దమనుషులకు. జార్జి వాషింగ్టన్ కూడ అండ్ల ఒకడు. ఎవ్వని భూమి ఎవ్వడు పంచుకుంటుండు?

ఇంకోటి. "మమ్మల్ని బానిసల్ని చేస్తున్నరు" అని రోజు పత్రికలల్ల రాసిండ్రు. అప్పుడు ఆ పదమూడు వలసలల్ల జనం 25 లక్షల దాక ఉంటే, ఇంచుమించు ఐదుగురిల ఒకరు అచ్చమైన బానిస. గా మాట రాసినోని ఇంట్ల నీళ్ళు తోడెటోడు కూడ బానిసే గావచ్చు. మీ బిడ్డ ప్రాజెక్టుల ఇది కూడ రాయమనుండ్రి, అన్నా.

ఎడిసన్_నాన్న
రాస్తుంది తమ్ముడూ, అది నాకంటే నీ మాటే వినేలా ఉంది. పక్కనే కూర్చుని స్క్రీన్ చదివించుకుంటోంది. తన ప్రశ్న: స్టాంపు చట్టాన్ని ఏడాదికే రద్దు చేశారు కదా, మరి అక్కడితో ఎందుకు ఆగలేదు?

సుధ_వైజాగ్
మంచి ప్రశ్న తల్లీ.

1765 ఆగస్టు 14న బోస్టన్‌లో స్టాంపులు పంచాల్సిన ఆండ్రూ ఆలివర్ బొమ్మను ఒక చెట్టుకు ఉరేశారు. ఆ చెట్టుకే తర్వాత స్వేచ్ఛా వృక్షం అని పేరొచ్చింది. సాయంత్రానికి ఆయన ఇంటి మీద పడ్డారు. ఆలివర్ ఆ ఉద్యోగం నాకొద్దన్నాడు. మిగతా ఊళ్ళలోనూ ఇదే వరస. స్టాంపులు ఓడల్లో వచ్చాయి కానీ పంచే నాథుడు లేడు. అక్టోబరులో తొమ్మిది వలసల ప్రతినిధులు న్యూయార్కులో కూర్చుని, మా సభలు తప్ప మా మీద ఎవరూ పన్ను వేయలేరని తీర్మానించారు. వర్తకులు ఇంగ్లండు సరుకు కొనడం మానేశారు. దాంతో లండన్ వర్తకులే పార్లమెంటుకు మొర పెట్టుకున్నారు. 1766 మార్చి 18న చట్టం రద్దయింది.

అదే రోజు ఇంకో చట్టం చేశారు. "ఏ విషయంలోనైనా సరే" వలసల మీద చట్టం చేసే అధికారం మాకుంది అని ప్రకటన. అమెరికాలో జనం రద్దు వార్త విని గంటలు మోగించారు, దీపాలు పెట్టారు, ఈ రెండో కాగితాన్ని పెద్దగా పట్టించుకోలేదు. నా దృష్టిలో అసలు కథంతా ఆ కాగితంలోనే ఉంది. వెనక్కి తగ్గిన ప్రతిసారీ లండన్ ఒక మేకు మాత్రం గోడకు వదిలేసింది. కక్షిదారులు రాజీకి వచ్చాక కూడా "తప్పు నాది కాదు అని రాయండి" అని పట్టుబడితే ఫైలు మూతపడదు. ఇలాంటివి నేను వారానికొకటి చూస్తాను.

లెక్కల_మాస్టారు
సుధ గారి మేకు మాట బాగుంది. దానికి నా దగ్గర లెక్క కూడా ఉంది. 1767లో బ్రిటన్ ఆర్థిక మంత్రి టౌన్‌షెండ్ గాజు, సీసం, రంగులు, కాగితం, టీ మీద సుంకాలు వేశాడు. వేసిన కొన్ని నెలలకే పోయాడు, చిక్కు మాత్రం మిగిల్చి. ఆ డబ్బుతో గవర్నర్లకూ జడ్జీలకూ జీతాలివ్వాలన్నది ఆలోచన. అంతవరకూ వాళ్ళ జీతం స్థానిక సభల చేతిలో ఉండేది. జీతం ఆపుతామంటే గవర్నరు దిగొచ్చేవాడు. ఆ కళ్ళెం ఊడిపోతుందన్నది సభల అసలు భయం. ఈ సంగతి నేను పైన మర్చిపోయాను, ఒప్పుకుంటున్నాను.

మళ్ళీ బహిష్కారం, మళ్ళీ లండన్ వెనకడుగు. 1769 మే 1న మంత్రివర్గంలో సుంకాలన్నీ ఎత్తేద్దామా, టీ మీద ఉంచుదామా అని ఓటు పెట్టారు. నలుగురు ఎత్తేద్దామన్నారు, ఐదుగురు ఉంచుదామన్నారు. ఒక్క ఓటు!

ఇరానీ_చాయ్
ఒక్క ఓటుతోని సామ్రాజ్యం పాయె. మా అపార్టుమెంటు అసోసియేషన్‌ల కూడ గట్లనే లిఫ్టు పాయింది.

ఓరుగల్లు_పోరడు
గంతల నెత్తురు కూడ పారింది. 1768 అక్టోబరుల బోస్టన్‌ల సైన్యం దిగింది. ఊరంత కలిపి పదిహేను, పదహారు వేల మంది జనం. ఎర్రకోటు ఏసుకున్న సిపాయిలు గల్లీకొకడు. వాళ్ళకు జీతం తక్కువ, డ్యూటీ లేనప్పుడు తాళ్ళు పేనే కార్ఖానలల్ల కూలికి పోయెటోళ్ళు. అక్కడ స్థానికుల కూలి తగ్గె. కడుపుల మంట అక్కడ మొదలైంది, పెద్ద పెద్ద సిద్ధాంతాల కాడ కాదు.

1770 మార్చి 5 రాత్రి కస్టమ్స్ ఆఫీసు ముంగట ఒక్క కాపలా సిపాయి మీద మంచుగడ్డలు ఇసిరిండ్రు, గుంపు పెరిగె, ఇంకొందరు సిపాయిలొచ్చిండ్రు, కాల్పులైనయ్. ఐదుగురు చచ్చిండ్రు. అండ్ల క్రిస్పస్ అటక్స్ ఒకడు, ఆఫ్రికా, ఆదివాసీ రక్తం కలిసిన నావికుడు. చిత్రమేందంటె, సముద్రం అవుతల అప్పటి ప్రధాని లార్డ్ నార్త్ టీ తప్ప మిగతా సుంకాలు ఎత్తేస్తమని పార్లమెంటుల లేచి చెప్పింది గా దినమే. ఓడల కబురు అందనీకి నెలకు పైనే పట్టేది. వాట్సాప్ ఉంటె ఏమయ్యేదో.

ఇంకొక ముచ్చట. ఆ సిపాయిల తరఫున వాదించినోడు జాన్ ఆడమ్స్, తర్వాత అమెరికా అధ్యక్షుడైనోడే. ఎనిమిది మంది సిపాయిలల్ల ఆరుగురు నిర్దోషులుగ బయటపడ్డరు, ఇద్దరికి బొటనవేలి మీద వాత పెట్టి ఇడిసిండ్రు. సుధక్కా, నీ వృత్తికి దండం.

బందరు_బుల్లోడు
ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. ఇందాకటి నుంచి అందరూ బోస్టన్ రేవులోనే తిరుగుతున్నారు. నన్ను కాస్త బందరు రేవుకు రానివ్వండి. అమ్మాయి అడిగిన "ఎందుకు చవకైంది" అనే దానికి జవాబు మనవైపే ఉంది.

ముందు ఇరానీ చాయ్ గారికి: అది అస్సాం టీ కాదండీ. అస్సాం టీ అమ్మకానికి వచ్చింది 1830ల చివర్లో. బోస్టన్‌లో పారబోసింది చీనా టీ. కాంటన్‌లో ఈస్టిండియా కంపెనీ కొన్నది, ఎక్కువ భాగం బోహీ అనే చవక రకం నల్ల టీ. సరుకు చైనాది, కంపెనీ మాత్రం మనకు బాగా తెలిసిందే.

ఆ కంపెనీ 1611లోనే బందరులో కొట్టు పెట్టింది. మాస్టారు చెప్పిన ఏడేళ్ళ యుద్ధం ఒక్క అమెరికాలోనే జరగలేదు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర, 1759 ఏప్రిల్లో బందరు కోట దగ్గర కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ళను ఓడించాడు. అక్కడ కెనడాలో క్విబెక్ పడిపోయిన ఏడే మన బందరు కోటా పడిపోయింది. గ్రెన్‌విల్ తీర్చాలనుకున్న అప్పు ఆ యుద్ధానిదే. మా ఊళ్ళో కోట శిథిలాల దగ్గర చేపలు ఎండబెడుతుంటారు, అక్కడ నిలబడ్డప్పుడల్లా ఇది గుర్తొస్తుంది.

ఇప్పుడు తేదీలు చూడండి. సుధ గారు చెప్పిన ఆలివర్ బొమ్మ 1765 ఆగస్టు 14. దానికి రెండు రోజుల ముందు, ఆగస్టు 12న, మొగలు చక్రవర్తి షా ఆలం బెంగాల్, బీహార్, ఒరిస్సాల దివానీ, అంటే పన్ను వసూలు హక్కు, కంపెనీకి రాసిచ్చాడు. ఆ ఏడే ఉత్తర సర్కార్లకూ ఫర్మానా వచ్చింది. 1766 నవంబరులో నిజాం అలీ ఖాన్ ఒప్పుకున్నాడు. అక్కడేమో మమ్మల్ని అడక్కుండా పన్నేంటని చెట్టుకు బొమ్మ కట్టారు. ఇక్కడ మనల్ని అడిగిన పాపాన ఎవరూ పోలేదు, కాగితం చేతులు మారింది.

దివానీతో డబ్బు వరదలా వస్తుందని లండన్‌లో కంపెనీ వాటాలు ఎగబడి కొన్నారు. 1767 నుంచి ప్రభుత్వమే కంపెనీ దగ్గర ఏటా 4 లక్షల పౌండ్లు పుచ్చుకోవడం మొదలెట్టింది. వాటాదార్లకు లాభం పన్నెండున్నర శాతం దాకా పెంచారు. 1770లో బెంగాల్‌ను కరువు కబళించింది. మూడింట ఒక వంతు జనం పోయారని వారెన్ హేస్టింగ్సే రాశాడు. అంత చావులోనూ శిస్తు వదల్లేదు. 1772లో లండన్‌లో బ్యాంకులు దివాలా తీశాయి. కంపెనీకి అప్పు పుట్టలేదు. గోదాముల్లో కోటీ డెబ్బై లక్షల పౌన్ల (ఇది బరువు, డబ్బు కాదు) టీ మూలుగుతోంది. అమెరికాలో జనం దొంగచాటుగా వచ్చే డచ్చి టీ తాగుతున్నారు.

1773లో పార్లమెంటు మూడు పనులు చేసింది. కంపెనీకి 14 లక్షల పౌండ్ల అప్పు ఇచ్చింది, దాన్ని అదుపులో పెట్టడానికి రెగ్యులేటింగ్ చట్టం పెట్టింది, మిగిలిన టీ వదిలించుకోవడానికి టీ చట్టం చేసింది. ఇంగ్లండులో కట్టే సుంకం అమెరికాకు వెళ్ళే టీకి మాఫీ. లండన్ వేలంపాట అక్కర్లేదు, కంపెనీయే నేరుగా తన ఏజెంట్లకు పంపుకోవచ్చు. అందుకే చవకైంది తల్లీ. కానీ పౌనుకు 3 పెన్నీల ఆ పాత సుంకం, ఐదు-నాలుగు ఓట్ల సుంకం, అలాగే ఉంచారు. కొంటే ఆ హక్కు ఒప్పుకున్నట్టే. సుధ గారి మేకు అదే. చవక టీ దాని మీద తగిలించిన బెల్లం ముక్క.

సుధ_వైజాగ్
బుల్లోడు గారూ, ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి నేనెప్పుడూ చూడలేదు.

లెక్కల_మాస్టారు
నేనూ చూడలేదు. పాతికేళ్ళు పాఠం చెప్పాను, ఆ రెండూ రెండు వేర్వేరు అధ్యాయాలు.

అయినా ఒక మాట. బోస్టన్ వర్తకులు త్యాగధనులేం కాదు. కంపెనీ ఏజెంట్లలో గవర్నర్ హచిన్సన్ కొడుకులిద్దరున్నారు. మిగతా వర్తకుల నోట్లో మట్టే. దొంగ సరుకు అమ్ముకునేవాళ్ళకైతే చవక టీ మరీ విషం. సూత్రం ఎంత, స్వార్థం ఎంత అని విడదీయడం నావల్ల కాదు.

ఓరుగల్లు_పోరడు
మాస్టారు ఇప్పుడు నా దారికొచ్చిండు.

బందరు_బుల్లోడు
నిజమే, కానీ కంపెనీ మన దగ్గర చేసింది వాళ్ళు ఎరుగుదురు. 1773 నవంబరులో 'రస్టికస్' అన్న కలం పేరుతో ఒక లేఖ అచ్చయింది, జాన్ డికిన్సన్ రాసిందని చెబుతారు. ఆసియాలో ఈ కంపెనీ ఏం చేసిందో చూడండి, పంట లేక కాదు, తిండి గింజలు గుప్పిట పట్టడం వల్ల లక్షల మంది చచ్చారు, ఇప్పుడు అమెరికా మీద కన్నేసింది అని అందులో సారాంశం. బెంగాల్ శవాలు ఫిలడెల్ఫియాలో వాదనకు పనికొచ్చాయి. మనవాళ్ళ మీద జాలి ఎంతో, తమ మీద భయం ఎంతో మీరే చెప్పండి.

వేదిక_నిర్వహణ
రెండు వ్యాఖ్యలు తొలగించాం. ఇప్పటి రాష్ట్ర ప్రభుత్వాల పన్నుల గొడవ ఇక్కడొద్దు, దానికి వేరే విభాగం ఉంది.

ఎడిసన్_నాన్న
ఈ వారాంతం బోస్టన్ డ్రైవ్ చేసుకెళ్ళొచ్చాం, నాలుగున్నర గంటలు. ఆ పాత ప్రార్థనా మందిరం (ఓల్డ్ సౌత్) చూశాం. 1773 డిసెంబరు 16న వేలమంది గుమిగూడింది అక్కడేనట. ఓడలు వచ్చిన 20 రోజుల్లోపు సుంకం కట్టకపోతే కస్టమ్స్ వాళ్ళు సరుకు జప్తు చేస్తారు, మర్నాటితో గడువు ముగుస్తుంది. ఓడను టీతో సహా వెనక్కి పంపడానికి హచిన్సన్ అనుమతి ఇవ్వలేదు. అటు దించనివ్వని జనం, ఇటు కదలనివ్వని గవర్నరు. ఓడ యజమాని పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. ఆ రాత్రి మోహాక్ ఆదివాసీల వేషం కట్టి మూడు ఓడలెక్కి దాదాపు 340 పెట్టెలు పగలగొట్టి నీళ్ళలో పోశారు. కంపెనీ చెప్పిన నష్టం 9,659 పౌండ్లు. మా అమ్మాయి ఓరుగల్లు బాబాయి కోసం ప్రత్యేకంగా రాసుకుంది: "భూములు లాక్కున్న వాళ్ళ వేషమే ఎందుకు వేసుకున్నారు?"

ఓరుగల్లు_పోరడు
శెభాష్ బిడ్డా! గీ ఒక్క లైన్ చాలు.

సుధ_వైజాగ్
తర్వాతది త్వరగా చెప్పేస్తాను. న్యూయార్కు, ఫిలడెల్ఫియాల నుంచి టీ ఓడలు వెనక్కి తిరిగాయి. కాబట్టి లండన్ కోపమంతా బోస్టన్ మీదే పడింది. 1774 జూన్ 1 నుంచి రేవు మూసేశారు, టీ ఖరీదు కట్టేదాకా. బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ వలస పాలనా పత్రాన్నే మార్చేశారు, ఊరి సభలు పెట్టుకోవడానికి కూడా గవర్నరు అనుమతి కావాలన్నారు. ఆ గవర్నరు ఎవరు? సేనాధిపతి గేజ్. ఒక్క ఊరిని శిక్షిస్తే మిగతావి హడలిపోతాయని లార్డ్ నార్త్ లెక్క. మిగతావి హడలిపోయిన మాట నిజమే, కానీ "రేపు మన వంతు" అని. దక్షిణ కరోలినా నుంచి బియ్యం వచ్చాయి, కనెక్టికట్ నుంచి గొర్రెల మంద వచ్చింది. వర్జీనియా సభ జూన్ 1ని ఉపవాస దినమంటే గవర్నర్ డన్‌మోర్ సభనే రద్దు చేశాడు. సభ్యులు పక్కనే ఉన్న సత్రంలో కూర్చుని పని కానిచ్చారు. సెప్టెంబరులో జార్జియా తప్ప పన్నెండు వలసలూ ఫిలడెల్ఫియాలో కలిశాయి. అప్పటికీ స్వాతంత్ర్యం అన్నవాళ్ళు తక్కువే. రాజుగారికి విన్నపాలు రాసుకుంటూనే ఉన్నారు. 1775 ఏప్రిల్ 19న గేజ్ కాంకర్డులోని ఆయుధాల కోసం సైన్యాన్ని పంపాడు. దారిలో లెక్సింగ్టన్ పచ్చికలో తెల్లవారుజామున ఎనిమిది మంది ఊరివాళ్ళు చనిపోయారు. మొదటి గుండు ఎవరు పేల్చారో ఇప్పటికీ తేలలేదు.

లెక్కల_మాస్టారు
ఎడిసన్ నాన్న గారూ, ఆ 9,659 పౌండ్లు చివరికి ఎవరు కట్టారో అమ్మాయి అడిగిందా?

ఎడిసన్_నాన్న
అడిగింది మాస్టారూ. ఎవరూ కట్టలేదన్నారక్కడ.

ఇరానీ_చాయ్
గంటె ఖాతా ఇంకా ఓపెనే. మా హోటల్ల నా ఖాతా లెక్కనే.

బందరు_బుల్లోడు
ఖాతా ఓపెన్ అంటే గుర్తొచ్చింది. 1781లో యార్క్‌టౌన్‌లో అమెరికన్లకు లొంగిపోయిన కారన్‌వాలిస్‌నే 1786లో మన మీదికి గవర్నర్ జనరల్‌గా పంపారు. 1793లో బెంగాల్లో శాశ్వత శిస్తు ఒప్పందం ఆయనదే. పదేళ్ళు తిరిగేసరికి అది సర్కార్లకూ వచ్చింది, మా తాతల ఊరి జమీందారీ పట్టా ఆ లెక్కలోదే. దాని కాగితాలు కొన్ని మా పెద్దనాన్న ట్రంకుపెట్టెలో ఉన్నాయి. రేపు ఫోటోలు తీసి కొత్త చర్చ మొదలెడతాను, అందరూ అక్కడికి రండి.